గుడ్డ టెంటుకు నూట యాభై డాలర్లు: యోసెమిటీల బస గురించి ఒక ఆర్టీసీ డ్రైవర్ మాట

మా అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ దిక్కు ఇప్పుడు ఏ గల్లీల చూసినా ఒక ఇంటి పిల్లలు కాలిఫోర్నియాల ఉన్నరు. తల్లిదండ్రులు చలికాలం పోంగనే విమానమెక్కుతరు. పిల్లలు సెలవు చూసుకొని అక్కడి యోసెమిటీ నేషనల్ పార్కుకు తీస్కపోతరు. తిరిగొచ్చినంక అందరి ఫోన్లల్ల ఒక్కటే ఫోటో: టన్నెల్ వ్యూ అనే జాగల గోడ ముందట స్వెట్టర్లు తొడుక్కొని నిలబడుడు, ఎనుక ఎల్ కాపిటన్ గుట్ట. తెల్లారకముందే ఇల్లు ఇడిచి, అర్ధరాత్రి మళ్ల ఇల్లు చేరి, చూసినమంటే చూసినం అనిపించుకున్నోళ్లే ఎక్కువ. రాత్రి ఉందామనుకునేటోళ్లు మాత్రం నాకు ఫోన్ చేసి "అన్నా, మీరు యాడ దిగిండ్రు, ఎంత తీసుకున్నడు, ఆడోళ్లకు బాత్రూంల సంగతేంది" అని అడుగుతున్నరు. ఒక్కొక్కళ్లకు చెప్పుడు కష్టమైతున్నది, అందుకే ఈ రాత.

నేను అచ్చంపేట డిపోల డ్రైవర్‌గ చేసి రిటైర్ అయిన. సర్వీసు ఎక్కువ శాతం శ్రీశైలం రూటే. మన్ననూరు చెక్‌పోస్టు, వటువర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట, ఆడికెళ్లి డ్యాం దిక్కు దిగే ఘాటు, ఇవి నాకు ఇంటి మెట్లు. రాత్రి తొమ్మిది దాటితే పొద్దున ఆరు దాకా గేటు మూస్తరు, జంతువులు రోడ్డు దాటుతయని. కాబట్టి అడవిల రోడ్డు, అడవిల బస అంటే నాకు కొత్తగాదు. ఇది టూరిస్టు రాసే రివ్యూ గాదు, స్టీరింగు పట్టినోడు రాసేది.

తీర్పు ముందే చెప్త. ఓపిక లేనోళ్లు ఇక్కడనే ఆగొచ్చు. రాత్రి ఉండేటట్టయితే పార్కుల గుట్టల నడుమ ఉన్న లోయ లోపలనే ఉండాలె. బయట మోటెల్‌ల పరుపు మెత్తగ ఉంటది, లోపల టెంటుల చలి పెడతది, బాత్రూంకు నడవాలె. అయినా లోపలనే.

మేము మొదటి రాత్రి బయటనే ఉన్నం, లోపల ఆ రోజు ఖాళీ దొరకలే. గుట్ట కింద ఊర్లె ఒక మోటెల్, పేరు చెప్పను. ఆన్‌లైన్‌ల "పార్కు పక్కనే" అని రాసుకున్నరు. పక్కనే అంటే గేటు దాకా గంట ప్రయాణం, గేటు కాడికెళ్లి లోయల పడేదాకా ఇంకింత. ఏసీ డబ్బా రాత్రంతా గడగడలాడింది. మనుమనికి ఒక పరుపు ఎక్కువడిగితే దానికి వేరే బిల్లు. పొద్దున నాష్ట ఉందన్నరు, మేము తానం చేసి పొయ్యేవరకు ఖాళీ డబ్బాలు మిగిలినయి. ఇవన్నీ చిన్న సంగతులే. పెద్ద సంగతేందంటే, పొద్దున గేటు కాడ బండ్ల లైను, లోపల పార్కింగు కోసం గుండ్రంగ తిరుగుడు, పొద్దు గూకకముందే మళ్ల ఎనుకకు బయలెల్లుడు. లోయ బాగుండేది పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు. ఆ రెండు పూటలు మీరు కారుల కూసుంటరు. ఇంక ఏం చూసినట్టు?

రోడ్డు గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఫ్రీమాంట్ నుంచి మా అల్లుడు మెర్సెడ్, మారిపోసా మీదికెళ్లి 140 నంబరు రోడ్డు పట్టిండు. పెద్దోళ్లున్న కారుకు ఇదే మంచిది. మెర్సెడ్ నది ఒడ్డు పట్టుకొని పోతది, ఎక్కుడు నిమ్మళంగ ఉంటది, తల తిరగదు. ఈ రోడ్డు 1926ల తెరిచిండ్రు, ఏడాది పొడుగున నడుస్తదని. అంతకుముందు 1907 నుంచి మెర్సెడ్ కాడికెళ్లి పార్కు అంచున ఉన్న ఎల్ పోర్టల్ దాకా రైలు ఉండేదట. రోడ్డు పడ్డంక రైలెక్కేటోళ్లు తగ్గి, 1945ల ఆ రైలు బందయింది. బస్సు గెలిచింది చూడుండ్రి! ఇప్పటికీ మెర్సెడ్ నుంచి లోయల దాకా యార్ట్స్ అని పబ్లిక్ బస్సు నడుస్తది. బస్సు టికెట్లనే పార్కు ఎంట్రీ కలిసి ఉంటది. పిల్లలకు సెలవు దొరకకపోతే పెద్దోళ్లు ఇద్దరే ఈ బస్సుల పోవచ్చు, భయం లేదు.

ఘాటుల నాకు నచ్చిన పద్ధతొకటి ఉన్నది. నిదానంగ పొయ్యే బండి కోసం రోడ్డు పక్కన అక్కడక్కడ జాగ ఇడుస్తరు. ఎనుక బండ్లు జమైతే మెల్లగ పొయ్యేటోడు ఆ జాగలకు తప్పుకోవాలె. తప్పుకుంటరు కూడా, హారన్ కొట్టే పని లేదు. మా ఘాటుల లారీ ఎనుక ఇరుక్కొని, బ్రేకు లైనర్ల కాలిన వాసన పీల్చుకుంట దిగిన రోజులు యాదికొచ్చినయి. రోడ్డు పక్కన ఎర్ర ఎలుగుబంటి బొమ్మ బోర్డులు కనబడతయి. ఎక్కడ కారు గుద్ది ఎలుగు దెబ్బతిన్నదో అక్కడ పాతుతరట. మనిషి పోయిన కాడ మనం బోర్డు పెడతం, వాళ్లు ఎలుగుకు కూడా పెడుతున్నరు.

లోపలికి పోంగనే అల్లుడు ముందుగాల టన్నెల్ వ్యూకు తోలిండు. అందరూ చెప్పేదే గనుక తొందరగ చెప్త. 1933ల గ్రానైటు గుట్టను తొలిచి చేసిన వావోనా సొరంగం, పొడుగు 4,233 అడుగులు. దాని మూతి కాడ నిలబడితే లోయ మొత్తం ఒక్కసారి ఎదురుగ నిలబడతది. ఎడమకు ఎల్ కాపిటన్, కుడికి బ్రైడల్‌వీల్ జలపాతం 620 అడుగులు, దూరంగ నిలువున కోసిన గుమ్మడికాయ తీరుగ హాఫ్ డోమ్. లోయ పొడుగు ఏడు మైళ్లు, వెడల్పు ఒక మైలు లోపే. అంత చిన్న జాగల అంత ఎత్తు గోడలు. ఫోటో దిగుండ్రి, దిగినంక కిందికి పోండ్రి, అసలు పని కింద ఉన్నది.

ఇగ బస. మేము దిగింది కరీ విలేజ్‌ల. లోయల తూర్పు కొనకు, గ్లేసియర్ పాయింట్ గుట్ట కింద ఉంటది. కట్టె ఫ్లోరు మీద కట్టె చట్రం, దాని మీద తెల్ల కాన్వాసు గుడ్డ. లోపల ఇనుప మంచాలు, దుప్పట్లు, ఒక బల్బు. టీవీ లేదు. చలికాలం పోకముందు పోతే హీటరున్న టెంటు అడగాలె, అన్నింటికీ ఉండదు. మేము పోయింది మే నెల. పగలు ఎండ మంచిగున్నది గాని రాత్రికి మా ఇంటామె రెండు స్వెట్టర్ల మీద శాలువ కప్పుకొని, దాని మీద దుప్పటి, దాని మీద నా జర్కిన్ ఏసుకున్నది. బాత్రూంలు అందరికి కలిపి ఒక దిక్కుంటయి. అర్ధరాత్రి లేస్తే టార్చి పట్టుకొని నడవాలె. మోకాళ్ల నొప్పులున్నోళ్లు, రాత్రి రెండు మూడుసార్లు లేసేటోళ్లు ఈ సంగతి ముందే మనసుల పెట్టుకొని, బాత్రూంకు దగ్గరి టెంటు ఇయ్యమని కౌంటర్‌ల అడుగుండ్రి. ఖాళీ ఉంటే ఇస్తరు. మాకు ఇచ్చిండ్రు.

మాకు రాత్రికి నూట యాభై డాలర్లు దాటింది. రూపాయలల్ల లెక్కేస్తే మా ఇంటామె గుండె ఆగినంత పనైంది. "గుడ్డ డేరాకా? మన మన్ననూరుల ఆ పైసలకు ఎన్ని రోజులుంటం?" అన్నది. నేను లెక్క చెప్పిన: టెంటుకు గాదు, టెంటు ఉన్న జాగకు. పొద్దున తడక తెరిస్తే ఎదురుంగ గుట్ట, దాని మీద మొదటి ఎండ. బస్టాపుకు నాలుగడుగులు. పార్కింగు దేవులాట లేదు. కారు ఒకసారి పెట్టినంక తీయలే.

ఎలుగుబంటి డబ్బా సంగతి ఇంకింత చెప్పాలె, మనోళ్లకు ఇది కొత్త. ప్రతి టెంటు బయట ఒక ఇనుప పెట్టె ఉంటది. కౌంటర్‌ల కాయితం మీద సంతకం తీసుకుంటరు: వాసన వచ్చేది ఏదైనా సరే టెంటుల పెట్టొద్దు, కారుల అసలే పెట్టొద్దు, పెట్టెల పెట్టాలె. మా అల్లుడు చదివి చెప్తుంటే మా ఇంటామె సంచి ఇప్పింది. సకినాలు పెట్టెలకు. మామిడికాయ తొక్కు సీసా పెట్టెలకు. కరివేపాకు పొడి, పులిహోర డబ్బా పెట్టెలకు. అంతల మా బిడ్డ "అమ్మా, కొబ్బరినూనె కూడా" అన్నది. నూనె సీసా పోయింది. పండ్ల పేస్టు, మోకాళ్లకు రాసే బామ్, చివరికి వక్కపొడి డబ్బా కూడా పోయింది. ఆ పెట్టె కొక్కెం లోపలికి వేళ్లు పెట్టి ఎత్తాలె, ఎలుగు పంజా అందుల పట్టదు. రాత్రి మోకాలు నొస్తే బామ్ కోసం బయటికొచ్చి, చలిల కొక్కెం ఎత్తి, తొక్కు సీసా జరిపి, బామ్ తీసి, మళ్ల మూసి... ఈ కథ ప్రతి రాత్రి నడిచింది. ఆమె తిట్టింది ఎలుగునా నన్నా, తెల్వదు.

నల్లమల ఎలుగు వేరు, ఇది వేరు. మాది చెదలు, ఇప్పపూలు తినే ఎలుగు. మనిషి ఎదురుపడితే బెదిరి మీదికొస్తది, ముఖం మీదనే కొడతది. యోసెమిటీది అమెరికా నల్ల ఎలుగు. పేరుకు నల్లది గాని గోధుమరంగువి కూడా ఉంటయి. మనిషి జోలికి తక్కువ, తిండి జోలికి ఎక్కువ. వాసన దొరికితే కారు తలుపు రేకు పట్టి ఒంచుతది. మనుషుల తిండి మరిగిన ఎలుగును చివరికి చంపుడు తప్ప వేరే తొవ్వ ఉండదు. అందుకే అంత కట్టుదిట్టం. మన అడవిల కోతులకు బస్సు కిటికీల నుంచి అరటిపండ్లు ఇసిరేటోళ్లను ఒక్కసారి అక్కడికి తోలాలె. జుర్మానా పడితే గాని తెల్వది.

వండుకొనుడు కరీ విలేజ్‌ల కుదరదు, పొయ్యి పెట్టనియ్యరు. బయట పిజ్జా, శాండ్‌విచ్చులు దొరుకుతయి. నాలుగు పూటలు దాటితే నోరు చచ్చిపోతది. అన్నం లేకపోతే గడవనోళ్లకు హౌస్‌కీపింగ్ క్యాంప్ అని మెర్సెడ్ నది ఒడ్డున ఇంకొక బస ఉన్నది. మూడు దిక్కుల కాంక్రీటు గోడలు, మీద గుడ్డ కప్పు, నాలుగో దిక్కు పరదా, ముందట పొయ్యి. అక్కడ వండుకోవచ్చు. పక్కబట్టలు మనమే తీస్కపోవాలె, లేకుంటే కిరాయికి తీసుకోవాలె. కుక్కరు, చింతపండు సర్దుకొని పొయ్యే మన కుటుంబాలకు అదే సరైన జాగ. కాకపోతే ఏడాది పొడుగున తెరిచి ఉండదు.

ఈ కరీ విలేజ్ కథ నాకు మస్తు నచ్చింది. 1899ల డేవిడ్ కరీ, జెన్నీ కరీ అని ఇద్దరు మొగుడు పెండ్లాలు, ఇండియానా నుంచి వచ్చిన బడి పంతుళ్లు, ఏడు టెంట్లు ఏసి మొదలుపెట్టిండ్రు. పెద్ద హోటళ్లల్ల దిగలేనోళ్లకు రోజుకు రెండు డాలర్లకు పడక, భోజనం. పంతుళ్ల జీతాల మీద బతికినోళ్లు గనుక మామూలు మనిషి ఎంత ఇయ్యగలడో వాళ్లకు తెలుసు. ఆ రెండు డాలర్ల టెంటు ఇప్పుడు ఎంతయిందో పైన చెప్పిన.

వీళ్ల కాలంల ఇంకొక తమాషా నడిచేది. రాత్రికి గ్లేసియర్ పాయింట్ మీద చెట్టు బెరడు కాలబెట్టి, నిప్పులు చేసి, ఆ నిప్పులను గుట్ట అంచు మీదికెళ్లి కిందికి నూకేటోళ్లు. కరీ విలేజ్‌కు మీద 3,200 అడుగుల ఎత్తు అది. కింద క్యాంపుల జనం కూసొని చూస్తుంటే నిప్పుల జలపాతం దిగేది, ఫైర్‌ఫాల్ అనేటోళ్లు. ఏండ్ల తరబడి నడిచింది. జనం పెరిగి, చూసేందుకొచ్చి పచ్చిక బీళ్లు తొక్కి పాడు చేస్తున్నరని, ఇది ప్రకృతి సహజం గాదని 1968 జనవరిల పార్కోళ్లు బందు పెట్టిండ్రు. ఇప్పుడు ఫిబ్రవరిల హార్స్‌టెయిల్ అనే చిన్న జలపాతం మీద పొద్దు గూకే ఎండ పడి ఎర్రగ మెరిసేదాన్ని అదే పేరుతోని పిలుస్తున్నరు. దానికి నిప్పు అక్కర లేదు, నీళ్లుంటే చాలు, మబ్బు లేకుంటే చాలు.

భయపడే సంగతి కూడా దాచిపెట్టను. అవే గుట్టలు బండలు ఇడుస్తయి. గ్రానైటు పొరలు పొరలుగ లేస్తది, సందులల్ల నీళ్లు చేరి గడ్డకట్టి ఎడమిస్తది. 2008 అక్టోబరుల ఈ కరీ విలేజ్ మీదనే బండలు దొర్లినయి. ఆ తర్వాత గుట్ట మొదట్ల ఉన్న రెండు వందలకు పైగ గదులు, టెంట్లు శాశ్వతంగ మూసిండ్రు. మూసిన జాగల ఇల్లంత బండలు చెట్ల నడుమ పడి ఉన్నయి. ఇప్పుడున్న టెంట్లు లెక్కగట్టి దూరంగ పెట్టినయే.

డబ్బున్నోళ్ల బస అహ్వానీ హోటల్. రాత్రికి ఐదు వందల డాలర్ల పైమాటే, అందుల దిగుమని నేను చెప్పను. చూడకుండ మాత్రం రావొద్దు. లోపలికి పోయి కూసుంటే ఎవ్వడూ ఏమనడు. 1927ల కట్టిండ్రు, గిల్బర్ట్ స్టాన్లీ అండర్‌వుడ్ అనే ఆర్కిటెక్టు గీసిండు. బయటికి చూస్తే పెద్ద పెద్ద ఎర్ర మొద్దులు పేర్చి కట్టినట్టు కనబడతది. దగ్గరికి పోయి చెయ్యి పెడితే సల్లగ, గట్టిగ తగులుతది. కాంక్రీటు! కట్టెల అచ్చుల పోసి, రంగు కలిపి, కట్టె గీతలు కనబడేటట్టు చేసిండ్రు. కట్టె హోటళ్లు వరసబెట్టి కాలిపోతుంటే నిప్పు భయానికి ఆ తెలివి చేసిండ్రట. నేను ఇంకా నమ్మక తాళంచెవితోని మెల్లగ కొట్టి చూసిన. మనుమడు సిగ్గుపడి పక్కకు జరిగిండు. రెండో ప్రపంచ యుద్ధంల దీన్ని నేవీ దవాఖాన చేసిండ్రు. 1983ల ఇంగ్లాండు రాణి ఎలిజబెత్ ఇక్కడ దిగింది. భోజనాల హాలు కప్పు 34 అడుగుల ఎత్తు. వేడి పాలు తాగి, పొయ్యి ముందట గంట సేపు కాళ్లు కాచుకొని వచ్చినం, కర్సు కాఫీ పైసలే.

లోయల తిరుగుడంతా షటిల్ బస్సు మీదనే. టికెట్ లేదు, కండక్టర్ లేడు. స్టాపుల ఆగంగనే సుయ్యుమని గాలి ఇడిచి బస్సు ముందు భాగం గట్టు దిక్కు ఒంగుతది. మా ఇంటామె చెయ్యి పట్టుకోకుండనే ఎక్కింది. నేను డ్రైవర్ ఎనుక సీటులనే కూసున్న, వేరే యాడ కూసుంట? రోడ్లు లోయల వన్ వే. నదికి ఒక దిక్కు పోవుడు, ఇంకో దిక్కు వచ్చుడు. అంత జనంల అంత నిమ్మళంగ నడుస్తున్నదంటే సగం పుణ్యం ఆ వన్ వేదే.

జలపాతాలల్ల పెద్దోళ్లు నడవగలిగేది లోయర్ యోసెమిటీ ఫాల్. చుట్టు తిరిగితే మైలు, తూర్పు దిక్కు తొవ్వ వీల్ చెయిర్ కూడా పోతది. మొత్తం జలపాతం 2,425 అడుగులు, మూడు అంచెలుగ పడతది. మేల మంచు కరిగి నిండ నీళ్లుంటయి. వంతెన మీద నిలబడితే తుంపర కండ్లద్దాల మీద కప్పేస్తది. ఆగస్టు వచ్చేవరకు ఎండిపోవుడే ఎక్కువ. మన మల్లెలతీర్థం తీరే, వేసంగిల పోయి "నీళ్లేవీ" అని అడిగితే ఎవరేం చెప్తరు. మిర్రర్ లేక్ సంగతి కూడా అంతే, నీళ్లుంటేనే అద్దం.

ఎల్ కాపిటన్‌ను పగలు చూసి ఊకోవద్దు. నేల మీదికెళ్లి దాదాపు 3,000 అడుగుల నిలువు బండ. చీకటి పడ్డంక దాని ఎదురుంగ ఉన్న పచ్చికల నిలబడితే గోడ నడుమల్ల చిన్న చిన్న దీపాలు కనబడతయి. చుక్కలు గావు, మనుషులు. ఎక్కుకుంట ఎక్కుకుంట రాత్రయితే అక్కడనే తాళ్లకు పడక కట్టుకొని పండుకుంటరు, తలకు లైటు పెట్టుకొని వండుకుంటరు. 1958ల మొదటిసారి ఎక్కినోళ్లకు, వచ్చుకుంట పోవుకుంట, అన్నీ కలిపి గోడ మీదనే దాదాపు నెలన్నర పట్టింది. 2017 జూన్ల అలెక్స్ హొనొల్డ్ తాడు లేకుండ నాలుగు గంటల లోపే ఎక్కిండు. బయట మోటెల్‌ల దిగినోళ్లకు ఈ దీపాలు దక్కవు. అందుకే లోపలుండమంటున్న.

ఇప్పుడు చెప్పేది ఫోటోలు దిగేటోళ్లు చూడకుండ వచ్చేది. విజిటర్ సెంటర్ పక్కన మ్యూజియం ఉన్నది, దాని ఎనుక ఒక చిన్న పల్లె. బెరడు పలకలు నిలబెట్టి చేసిన గుడిసెలు, భూమిల సగం దిగిన గుండ్రని కొట్టం, ఓక్ చెట్టు గింజలు దంచిన రోటి గుంతలు. ఈ లోయ మొదటి సంది ఇక్కడున్న అహ్వానీచీ అనే తెగోళ్లది. ఆ గింజ చేదు. దంచి, నీళ్లు పోసి పోసి చేదు ఇరిచి, బుట్టల కాగిన రాళ్లు ఏసి అంబలి కాసేటోళ్లు. అవును, బుట్టలనే. నీళ్లు కారనంత గట్టి అల్లిక. మ్యూజియంల లూసీ టెల్లెస్ అల్లిన పెద్ద బుట్ట ఉన్నది, నాలుగేండ్లు పట్టిందట. మా ఇంటామె ఆ అద్దం ముందట నుంచి కదలలే. ఏడ మొదలుపెట్టింది, ఏడ ముడేసింది అని ఏలితోని గాలిల గీసుకుంట చూసింది.

1851 మార్చిల మారిపోసా బెటాలియన్ అని బంగారం గనుల కాలపు పటాలం ఈ లోయల చొరబడ్డది. గుడిసెలు కాలబెట్టిండ్రు, తిండి గింజల గరిసెలు కాలబెట్టిండ్రు. పెద్దమనిషి టెనాయ కొడుకును చంపిండ్రు. టెనాయను పట్టుకొని జనాన్ని గుట్టల కిందికి తోలిండ్రు. పదమూడేండ్లకు, 1864 జూన్ 30న అబ్రహం లింకన్ సంతకం పెట్టి ఈ లోయను ప్రజలందరి కోసం కాపాడుమని కాలిఫోర్నియాకు ఇచ్చిండు. ఎల్లోస్టోన్ కంటే ముందే ఇది, అది 1872. యోసెమిటీ నేషనల్ పార్కు అయింది 1890ల. ప్రజలందరంటే ఎవరు? తిరిగొచ్చిన కుటుంబాలు హోటళ్లల్ల బట్టలు ఉతికి, బుట్టలమ్మి బతికినయి. పార్కోళ్లు 1930ల కాలంల చిన్న గదులు కట్టిచ్చి, తర్వాత పార్కుల కొలువున్నోళ్లకే ఇల్లు అని నియమం పెట్టిండ్రు. కొలువు పోతే ఇల్లు ఖాళీ. 1969ల మిగిలిన ఇండ్లను నిప్పులార్పే ట్రైనింగు కోసం కాలబెట్టిండ్రు. వాళ్లల్ల చివరి మనిషి 1996ల లోయ ఇడిచి ఎల్లిపోయిండు. ఈ మధ్య అదే జాగల వాళ్ల కొట్టం మళ్ల కట్టుకునేందుకు ఒప్పుకున్నరు.

ఇదంతా చదివి నాకు మన్ననూరు స్టాపు యాదికొచ్చింది. తేనె డబ్బా, చింతపండు మూట పట్టుకొని చెంచులు నా బస్సు ఎక్కేటోళ్లు, పెంట దగ్గర, అంటే వాళ్ల గూడెం దగ్గర, అడవిలనే ఆపుమనేటోళ్లు. అక్కడ స్టాపు లేదు, నేను ఆపేది. పులుల కోసం పెంటలు ఖాళీ చెయ్యాలె, పైసలిస్తం, భూమిస్తం అనే మాట మా దగ్గర ఏండ్ల సంది నడుస్తున్నది. అడవి శాఖ వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, పులి కూడా బతకాలె. కాని చెంచోడు లేని నల్లమలను రేపు అద్దాల పెట్టి చూపిస్తే, దాని ఎనుక ఇట్లనే ఒక ఉత్తుత్తి పెంట కట్టి బోర్డు పెడతరు. యోసెమిటీల అందరికంటే ఎక్కువ సేపు నేను నిలబడ్డది ఆ గుడిసెల నడుమనే.

ఇంకొక్కటి. ఈ పార్కులనే ఇట్లాంటి లోయ ఇంకొకటి ఉండేది, హెచ్ హెచీ. శాన్ ఫ్రాన్సిస్కో నీళ్ల కోసం 1913ల చట్టం తెచ్చి డ్యాం కట్టిండ్రు, 1923ల అయిపోయింది. ఈ అడవుల కోసం రాసిన, పోరాడిన జాన్ మ్యూర్ ఆగకుండ కొట్లాడి ఓడిపోయిండు, మరుసటేడే సచ్చిపోయిండు. శ్రీశైలం డ్యాం నీళ్ల కింద మా పాలమూరు ఊర్లు ఎట్ల మునిగినయో, జటప్రోలు గుళ్లు రాయి రాయి ఇప్పి ఎట్ల తరలించిండ్రో చూసినోళ్లకు వేరే చెప్పే పని లేదు. మేము అటు పోలే, దూరం.

పైసలు, తారీఖుల సంగతి. లోపలి బసలు ఏడాది ముందుగాలనే బుకింగు తెరుస్తరు. వేసంగి రోజులు తొందరగ అయిపోతయి. అయిపోయినయని ఊకోవద్దు, రద్దయినయి మధ్యల వస్తుంటయి, పిల్లలను రోజూ చూడమనుండ్రి. మాకట్లనే దొరికింది. కారు ఎంట్రీ 35 డాలర్లు, ఏడు రోజులు నడుస్తది. కాకపోతే 2026 జనవరి నుంచి అమెరికాల నివాసం లేనోళ్లకు, అంటే విజిటర్ వీసా మీద పొయ్యే మనలాంటోళ్లకు, 16 ఏండ్లు దాటిన మనిషికి 100 డాలర్లు అదనంగ పెట్టిండ్రు. యోసెమిటీతోని కలిపి 11 పెద్ద పార్కులల్ల ఇదే లెక్క. నివాసం లేనోళ్లకు ఏడాది పాసు 250 డాలర్లు. గ్రాండ్ కాన్యన్, జయన్ కూడా అదే ట్రిప్పుల తిరిగేటోళ్లు పాసు లెక్క చూసుకోవాలె.

పోతే మేల పోండ్రి. స్వెట్టరు, మంకీ టోపీ, టార్చి మరువద్దు. తొక్కు సీసా మూత గట్టిగ పెట్టుండ్రి. మా ఇంటామె మళ్ల పోదామంటున్నది, ఈసారి మాత్రం హౌస్‌కీపింగ్ క్యాంపులనేనట. అన్నం వండుకోవచ్చు గద.